వెల్లకిలా

షపెకో ఊరి బయట, మూడో నంబరు షెడ్డులో
అర్ధరాత్రి టార్చి పట్టుకుని తిరుగుతాడు వాల్దెసీర్.
మందకి ముప్ఫై తొమ్మిదో రోజు.
వెల్లకిలా పడ్డదాన్ని అలాగే వదిలేస్తే
తెల్లారేసరికి ఊపిరి ఉండదు.
వంగుతాడు, తిప్పుతాడు, నిలబెడతాడు.
అది రెండడుగులు వేసి
మేత గిన్నె దగ్గరికి పోతుంది, ఏమీ జరగనట్టు.

పొద్దున్నే నేను వస్తాను, ఐసుపెట్టెతో.
"చెక్క డాక్టరమ్మ వచ్చింది, కాఫీ పెట్టు"
అని లోపలికి కేకేస్తాడు.
ఈ చుట్టుపక్కల నా పేరు అదే.

కండ చెక్కయ్యే దారి నాకు కొంత తెలుసు.
ముందు ఒక చిన్న సిర వాస్తుంది.
గొడవ విని పోగైన వీధి జనంలా
దాని చుట్టూ తెల్ల రక్తకణాలు మూగుతాయి.
కొవ్వును విడగొట్టి లోపలికి పంపే ఎంజైము
తలుపు మూయడం మర్చిపోతుంది.
ఊపిరాడక కండపోగు చచ్చిన చోట
మరమ్మతుకొచ్చిన కణాలు
ఎన్నిసార్లని అతుకుతాయి?
పీచు కుక్కేసి వెళ్ళిపోతాయి.

ఫ్యాక్టరీలో, కోత బెల్టు పక్కన
హైతీ నుంచి వచ్చిన మిర్లాంద్
ఒక్కో రొమ్ము మీద బొటనవేలు ఆనిస్తుంది:
సున్నా. ఒకటి. సున్నా. మూడు.
నా మైక్రోస్కోపుకి వారం పట్టే మాట
ఆమె వేలికి అర సెకను.
మూడు అయితే కైమాకి.

"ఏ జన్యువు?" అంటారు కంపెనీ వాళ్ళు,
పేరు చెబితే రేపే ఉద్యోగంలోంచి తీసేసేలా.
ఒకటి కాదు బాబూ, వందలు.
తలా కాస్త, "ఎదుగు" అన్నప్పుడల్లా
సరేనన్నవే అన్నీ.
నేరం ఉంది, దోషి లేడు.
రిపోర్టులో అలా రాయకూడదు కాబట్టి
బహుళ జన్యు ప్రభావం అని రాశాను.

నిన్న రాత్రి అక్కడే ఉండిపోయాను.
పన్నెండు నమూనాలు కావాలి, పదకొండు దొరికాయి.
రెండు గంటలప్పుడు, నీళ్ళ గొట్టం కింద
వెల్లకిలా ఒకటి. కాళ్ళు గాలిని ఈదుతున్నాయి.
రెక్కలు ఎత్తాలనుకుంటున్నాయి, లేవడం లేదు.
వేలు ఆనించాను. మూడు.
నేను వెతుకుతున్నది సరిగ్గా ఇదే.
వాల్దెసీర్ టార్చి కొంచెం పక్కకి తిప్పాడు,
నా ముఖం మీద పడకుండా.

ఎల్లుండి లారీ వస్తుందని నాకు తెలుసు.
దాని బరువూ తెలుసు, ధరా తెలుసు.
రెండు చేతులూ కిందికి పోనిచ్చి
తిప్పాను.

నోటుబుక్కులో పన్నెండో గడి:
"మేస్తోంది."