పుర్రచెయ్యి

రాత్రి పదకొండున్నరకి గ్రీంస్‌పేటలో
దస్తగిరి పెనం చల్లబడతాది.
నా వేళ్ల ఉల్లిగడ్డ వాసన మాత్రం పోదు.
ఆ వేళ్లతోనే మౌస్ పట్టుకుంటా.
మేడమీద రేకుల గది, వాయిదాల్లో కొన్న కంప్యూటరు,
దాంట్లో ఒక రాజ్యం, ఏడాది పొడుగునా మంచు.
చిత్తూరు ఎండకి ఒళ్లు పేలినోడికి
ఆ మంచు చూస్తేనే సగం జీతం వచ్చినట్టుంటాది.

ఆడ నేను మునిశేఖర్ని కాదు, వజ్రకంఠుణ్ణి.
నాకు డాలు లేదు.
డాలు కింద పెడితేనే రెండో కత్తి చేతికొస్తాది,
అది మొదటి బేరం.
రెండో బేరం దానికన్నా గట్టిది:
రెండు కత్తులు పట్టిన్నాటి నుంచీ
పది ఏట్లేస్తే కుడిచెయ్యి ఆరు తగిలిస్తాది,
ఎడమచెయ్యి మూడు.
ఆ మూడూ తగిలినా సగం దెబ్బే.

విద్య నేర్చుకోవచ్చు. పాయింట్లు పొయ్యాల.
మొదటి మెట్టుకి తేడా తెలీదు, గాలిని తరిగినట్టుంటాది.
రెండో మెట్టుకి ఒక తోడేలు చచ్చింది,
అదీ ముందే కుంటుతా ఉండింది.
మూడో మెట్టులో కిటుకు తెలిసింది:
ఎడమచేతికి పొడుగుకత్తి వద్దు, పిడిబాకు చాలు,
బరువు తగ్గితే తప్పు తగ్గుతాది.
ఎన్ని మెట్లెక్కినా
ఎడమచేతి పక్కన ఒక చిన్న ఎర్ర అంకె మిగిలే ఉంటాది.

దాన్ని ఆటలో పెనాల్టీ అంటారు.
కట్టమంచి బడిలో శిక్ష అనేవాళ్లు.
మూడో తరగతిలో సుందరేశయ్య సారు
నా పుర్రచేతిని తువ్వాలతో నడుముకి కట్టేసి
కుడిచేత్తో 'ఱ' రాయమన్నాడు.
పలక మీద అది నత్తగుల్ల మాదిరి వచ్చింది.
ఇప్పుడు అంగట్లో చిల్లర ఎడంచేత్తో ఇస్తే
పలమనేరు లారీ డ్రైవర్లు చెయ్యి చాపరు.
"ఆ చేత్తోనా?" అంటారు.
బల్లమీద పెడతా. అప్పుడు తీసుకుంటారు.

ఆటలో సెట్టింగులన్నీ వెతికినా.
వెలుతురు మార్చుకోవచ్చు, గాలి చప్పుడు మార్చుకోవచ్చు,
నెత్తురు రంగు పచ్చగా కూడా పెట్టుకోవచ్చు.
నీ చెయ్యి ఏదిరా అని
ఒక్క ప్రశ్న లేదు.

దస్తగిరి దగ్గర రెండు కత్తులు,
పిడి లేనివి, అరచెయ్యంత రేకు ముక్కలు.
కొత్తు పరోటా కొడతా ఉంటే
ఆ చప్పుడుకే బస్సు దిగినోళ్లకి ఆకలేస్తాది.
ఒక రాత్రి అడిగినా,
"అన్నా, నీ రెండో కత్తికి ఎంత పోతాది?"
"యాడికి పోతాదిరా?"
చెప్పినా. మెట్లు, అంకెలు, సగం దెబ్బ, అంతా.
భుజానికి మొహం తుడుచుకుని నవ్వినాడు.
"నరికేది ఒకటేరా. రెండోది చెదరకుండా కాసేదానికి.
ఏది ఏదని నన్నడిగితే? పెనాన్ని అడుగు.
ఎటుపక్క మాడతా ఉంటే అటు చెయ్యి నరుకుతాది."

కత్తులు నా చేతికిచ్చినాడు.
బరువుది ఎడమకి తీసుకున్నా.
రెండు గుడ్లు, ఒక పరోటా.
టక, టకటక, ట...
తాళం తప్పింది, సగం నేలపాలు.
వీధికుక్క వచ్చి తినింది.
ఏ చేత్తో కొట్టినావని అది అడగలేదు.

ఆ రాత్రి వజ్రకంఠుడికీ పొడుగుకత్తి ఎడమకిచ్చినా.
తప్పని తెలుసు, ఎర్ర అంకె రెండింతలైంది.
ఎముకల రాజు నన్ను పదకొండుసార్లు చంపినాడు.
పన్నెండోసారీ చంపినాడు,
కానీ అంతకు ముందు ఎడమ ఒక ఏటు తగిలింది.
సగం దెబ్బ. వాడి భుజమ్మీద పచ్చటి నెత్తురు.

కంప్యూటరు ఆపేసినా.
అయిదింటికి లేసి మైదా పిసకాల.
ముద్ద మెత్తబడే వేళకి
ఏ చెయ్యి ఏదో
నాకే తెలీదు.