మూత

ఉస్మాన్‌గంజ్‌లో ఆ దుకాణం ముందు
ఎర్రవీ నీలివీ ఐస్ బాక్సులు
గుమ్మం ఎత్తుకి పేర్చి ఉన్నాయి.
"రెండు రోజులైనా ఐసు కరగది మేడం, నాది గ్యారంటీ"
అన్నాడు గల్లాపెట్టె వెనక పిల్లవాడు.
నేను మాట్లాడలేదు.
పది రూపాయల నోటు అంచు మీద పెట్టి
మూత వేసి లాగాను.
జారి వచ్చేసింది.
రెండోదాంట్లోనూ అంతే.
మూడోది, దుమ్ము పట్టిన ఇరవై లీటర్లది,
నోటును వదల్లేదు,
సూదిని చూసిన పిల్ల అమ్మ కొంగును వదలనట్టు.
ఇదే ఇవ్వు, అన్నాను.
బేరం సలీమా ఆపా మొదలుపెట్టింది. అది ఆమె శాఖ.

పదకొండేళ్లుగా నా కుడి భుజానికి
ఒక డబ్బా వేలాడుతూనే ఉంది.
బోరబండ మెట్ల గల్లీల్లో
నాలుగు ఐస్ ప్యాకుల నడుమ
లెక్కపెట్టిన టీకా సీసాలు.
మే నెలలో నాలుక పిడచకట్టుకుపోయినా
అందులో నా మంచినీళ్ల సీసా ఎన్నడూ పెట్టలేదు.
చల్లదనాన్ని మోశాను,
తాగలేదు.

ఈ డబ్బా మాత్రం తిండికి.
నలుగురం, కోట్‌పల్లి నీళ్ల ఒడ్డున ఒక్క రాత్రి,
రెండు అద్దె గుడారాలు.

శుక్రవారం రాత్రే ఖాళీ పెట్టెలో ఐసు వేసి ఉంచాను.
వేడి పెట్టెలో సరుకు సర్దితే
సగం ఐసు దాని కోపం చల్లార్చడానికే పోతుంది.
మా ఆయన నిద్రలో లేచొచ్చి
"ఉత్త ఐసుకు జోల పాడుతున్నవా" అన్నాడు.

పొద్దున్నే చంద్రకళ మోండా మార్కెట్ నుంచి
ఊకలో దొర్లించి గోనెపట్టాలో చుట్టిన దిమ్మను
స్కూటర్ మీద తెచ్చింది.
ఆమె ఏ దారిన వచ్చిందో
సికింద్రాబాద్ నుంచి మా వాకిలి దాకా
తడి గీతే చెప్తుంది.

దిమ్మ అడుగున.
చివర తినేది దాని మీద:
ఆదివారం పొద్దుటికి దోసెల పిండి, మూత బిగించి,
ఎక్కడున్నా పిండికి పొంగే బుద్ధి పోదు కనుక.
దానిపైన ఉప్పూ కారం పట్టించి గడ్డకట్టించిన కోడి.
గోంగూర పచ్చడికి చలెందుకే అంటే
రాజ్యలక్ష్మి వినలేదు, అదీ దూరింది.
పెరుగు, కీరా, అందరికంటే పైన మధ్యాహ్నపు పులిహోర.
సందుల్లో గాలి ఉండకూడదు. గాలి దొంగ.
వేలు దూరిన చోటల్లా నిమ్మకాయ,
పచ్చిమిర్చి పొట్లం, తడి తువ్వాలు.
కూల్‌డ్రింకులు వేరే బకెట్లో.
దాహానికి మూతంటే మర్యాద ఉండదు.

మూత మీద టేపు అంటించి
తారీకు, టైము రాశాను.
చంద్రకళ పడీ పడీ నవ్వింది:
"సంతకం గూడ పెట్టక్కా, సూపర్‌వైజర్ అడుగుతది."

వికారాబాద్ దాటే లోపు
మూడుసార్లు ఒక చెయ్యి మూత మీదికి పోయింది.
మూడుసార్లూ నాదే.

రాత్రి టార్చిలైటు వెలుగులో తెరిచాం.
దిమ్మ ఇటుకంత మిగిలింది, చుట్టూ నీళ్లు.
పారబోయబోతే ఆపాను,
అవి కూడా ఇంకా కాపలాలోనే ఉన్నాయని.
పక్కన కుక్కిన ఐస్ ప్యాకు ఒకటి
(కొన్నదే, సర్కారుది కాదు)
తీసి చెవి దగ్గర ఊపాను.

గడ్డ ఐసు తగిలితే టీకా చస్తుంది.
ప్యాకుకు చెమట పట్టాలి,
ఊపితే లోపల నీళ్లు మాట్లాడాలి,
అప్పుడే సీసాల పక్కన పెట్టాలి.
కోడికి ఆ భయం లేదని నాకు తెలుసు.
నా చెయ్యికి తెలీదు.

మొదట నవ్వారు.
తర్వాత రాజ్యలక్ష్మి చెయ్యి చాపింది.
ప్యాకు ఒక చెవి నుంచి ఇంకో చెవికి పోయింది.
రోజూ వినేదే,
డ్యూటీ లేకుండా వినడం మాత్రం ఇదే మొదలు.
సలీమా ఆపా అందరికంటే ఎక్కువసేపు
కళ్లు మూసుకుని పట్టుకుంది.

"ఏమంటుంది ఆపా?"

"ఆకలైతుందంట."