మూడువేల ఆరువందల యాభై మూడు

డేటాబేసుకు కాలం ఒక బేస్తవారం నాడు మొదలైంది,
వెయ్యీ తొమ్మిదివందల డెబ్బై, జనవరి ఒకటి.
లెక్కలు గట్టే సాఫ్ట్‌వేర్‌కేమో
దానికి పదేండ్ల ముందటి శుక్రవారం.
రెండూ రోజుల్నే లెక్కపెడతయి, ఒక్కొక్కటిగ,
బొగ్గుతోని గోడ మీద గీతలు గీసే పాలామె లెక్క.
గీతలు సరే,
గోడలే వేరు.

నా పని ఈ గోడ మీది గీతల్ని ఆ గోడ మీదికి మోసుడు.
కోఠీల పాత ఆసుపత్రి, మూడో అంతస్తు,
కాయితాలు లేస్తయని ఫ్యాన్ ఆపుకొని కూసునే గది.
పదకొండు వేల నాలుగువందల కాన్పులు.
తల్లుల పుట్టినరోజులు అక్షరాలుగ వచ్చినయి,
కాన్పు తేదీలు ఉత్త అంకెలుగ.
ఆ అంకెల్ని అట్లనే నమ్మిన.

మొదటి గ్రాఫ్ చూస్తుంటే చాయ్ చల్లారింది.
మలక్‌పేట, యాకుత్‌పుర, బోరబండ,
ఎక్కడి తల్లులైనా పదేండ్లు చిన్నగయిన్రు.
ఇరవై నాలుగేండ్ల మనిషి పద్నాలుగుకు,
పందొమ్మిదేండ్లామె తొమ్మిదికి,
రెండు జడలేసుకొని లేబర్ రూము బయట బెంచీ మీద
నేలకానని కాళ్లు ఊపుకుంట కూసున్నట్టు.
తేదీ రాయని గళ్లు సున్నాలయినయి.
రెండొందల ముప్పై మంది
తాము పుట్టకముందే
అరవైల ఆ ఒక్క శుక్రవారం నాడే
అందరూ కాన్పయిన్రు.

మొయిజుద్దీన్ చాచా రికార్డు రూముల రిటైరై తొమ్మిదేండ్లు,
ఇంకా పదకొండింటికి వస్తడు, లుఖ్మీల పొట్లంతోని.
తెర చూసి నవ్విండు.
"మా అబ్బాజాన్ ఫస్లీ లెక్క మార్చేటోడు బేటా.
అయిదొందల తొంభై కలుపు, బహ్మన్ దాటితే ఇంకొకటి.
మరిచిపోయిండనుకో, ఒక ఏడాది కౌలు గాలికి పాయె.
ఇంకోటి, ఖాలీ వేరే, సిఫర్ వేరే. యాద్ పెట్టుకో."
సిఫర్ అంటే అసలు ఖాళీయే గద చాచా, అన్న.
లుఖ్మీ నమిలి నమిలి
"గందుకే గద లడాయి" అన్నడు.

పదేండ్లకు మూడువేల ఆరువందల యాభై,
మీద మూడు లీపు దినాలు:
అరవైది, అరవై నాలుగుది, అరవై ఎనిమిదిది.
కలిపిన. ఒక్క లైను.
తల్లులు జడలు ముడేసుకొని బెంచీ మీంచి లేచిన్రు,
ఎవరి వయసులకు వాళ్లు నడిచిపోయిన్రు.
ఖాళీ గళ్లు మళ్ల ఖాళీ అయినయి.

ఒకామె లేవలే.

వరుస నంబరు ఏడువేల పందొమ్మిది.
ఇందాక నాలుగేండ్లు చూపిన పిల్ల,
ఇప్పుడు పద్నాలుగేండ్ల మూడు నెలలు.
ఇంకో తప్పు అనుకున్న.
దినం, నెల తారుమారయినయేమో,
ఆరు పదకొండా, పదకొండు ఆరా?
ఎటు తిప్పినా పద్నాలుగే.

కిందికి దిగి రిజిస్టర్ తీయించిన.
నీలం సిరా, సిస్టర్ సువార్తమ్మ చేతిరాత.
వయసు గడిల పందొమ్మిది అని రాసి, కొట్టేసి,
పక్కన పద్నాలుగు, రెండుసార్లు దిద్ది,
కింద సంతకం.
తుప్పు పట్టిన గుండుసూదికి బడి కాయితం.
ఎంత ఒత్తి రాసిందో,
వెనక పేజీ మీద వేలు పెడితే తెలుస్తున్నది.

సార్ ఫోన్ల అన్నడు:
"ఔట్‌లయర్ అది, తీసెయ్. పొద్దున పంపాలె."
తీసేసి చూసిన.
సగటు మారలే,
రెండో దశాంశం గూడ కదలలే.
పదకొండు వేల మందిల ఆ పిల్ల బరువు అంతే.
కింద వీధిల పుస్తకాల బండోడు
టార్పాలిన్ కప్పి తాళ్లు కడుతున్నడు.

మళ్ల పెట్టిన.
ప్రోగ్రామ్‌ల ఆ లైను పక్కన కామెంట్ రాసిన:
చూసిన.
తేదీ సరిగ్గనే ఉన్నది.