బెల్టు చివరిదాకా

స్కూటరు మీద నలుగురం
ఇంక పట్టడం లేదు.
జోషిత మోకాళ్ళు హ్యాండిలుకి తగులుతున్నాయి.
వానొస్తే ఎవరిదో ఒకరి షాపు ముందు
రేకు కింద నిలబడి
మళ్ళీ అదే మాట: "ఈ ఏడాదైనా..."

అందుకని ఆదివారం పొద్దున్నే
ఆటో మాట్లాడుకుని అంబాజీపేట నుంచి రావులపాలెం బయల్దేరాం.
పిల్లలూ, మోకాలి నొప్పితో మా అత్తగారూ,
మెకానిక్కు జక్రయ్యా,
అయిదు లక్షల ఇరవై వేలూ,
తొమ్మిది నెలల వయసున్న నా లైసెన్సూ.

చిన్న కారు చాలదా అన్నాడు మా ఆడపడుచు మొగుడు.
ఆయన ఇల్లు హైవే పక్కన.
మా ఇంటికి రావాలంటే మూడు కిలోమీటర్లు కాలవ గట్టు,
ఎదురుగా బస్సొస్తే
ఎడమ చక్రం గడ్డిలోకి దించి
ఊపిరి బిగబట్టాలి.
నేలకి పొట్ట రాసుకునే బండి మాకెందుకు?

షెడ్డులో వరసగా చిన్న ఎస్‌యూవీలు,
అద్దాల మీద తెల్లరంగుతో ధరలు.
"డాక్టరుగారి బండండి, సింగిల్ ఓనరండి ఆయ్!"
ఈ జిల్లాలో అమ్మకానికొచ్చిన ప్రతి బండీ
ఎవరో ఒక డాక్టరుగారిదే.
మీటరు ముప్పై ఎనిమిది వేలంటోంది,
క్లచ్ పెడలు రబ్బరేమో
సన్నికల్లులా నున్నగా అరిగింది.
"మీటరు తిప్పొచ్చండి," అన్నాడు జక్రయ్య మెల్లిగా,
"పాదం తిప్పలేం."
ఇంకోదాంట్లో తలుపు తీయగానే రొయ్యల మేత వాసన.
అత్తగారు ముక్కు మూసుకుని దూరంగా జరిగారు.

మూడోది ఎర్రది.
కప్పులో అద్దం కిటికీ.
మేం ధర అడిగేలోపే పిల్లలిద్దరూ ఎక్కేశారు,
చరిత్ అప్పుడే ఆకాశం లెక్కపెడుతున్నాడు.
నాకూ, అబద్ధమెందుకు, మనసు జారింది.
"బెల్టు లాగండమ్మా," అన్నాడు జక్రయ్య.
లాగాను.
"చివరిదాకా."
నల్లగా, నల్లగా, ఇంకా నల్లగా వచ్చి
ఆఖరి జానెడు దగ్గర
అడ్డంగా ఒక గీత. గోధుమ రంగు.

ఆ రంగు నాకు తెలుసు.
లంకలో మా పుట్టింటి వంటగది గోడకి
ఉప్పుజాడీ పెట్టే అరకి కాస్త పైన
అదే గీత.
నాన్న సున్నం వేయించినప్పుడల్లా
పది రోజులు దాక్కుని
మళ్ళీ పైకి తేలేది.

"చెమట మరకండి అది," అన్నాడు షెడ్డు అబ్బాయి.
చెమట అంత తిన్నగా గీత గీయదు నాయనా.
గోదారి గీస్తుంది.

కోపం రాలేదు నాకు.
ఆ బండి బానెట్ మీద చెయ్యి వేశాను,
ఒకే వరదలో తడిసినవాళ్ళం కదా.
మునిగి లేచినవాళ్ళం పైకి బాగానే ఉంటాం.
జులై వచ్చిందంటే
లోపలెక్కడో ఒక వైరు
ఉలిక్కిపడుతుంది.
పిల్లల్ని దింపేసరికి
ఒకడు ఏడుపు, ఒకర్తె అలక.

మధ్యాహ్నం కొత్తపేటలో రిటైరైన లైన్‌మన్ ఇల్లు.
బండి తెల్లది. మామూలుది. కిటికీ లేదు కప్పుకి.
"ఎడం తలుపు గీత చూశారా?
బస్సుకి దారిస్తే వంతెన రెయిలింగు తగిలిందండి,"
మేం వంగి చూడకముందే చెప్పేశాడు.
రూళ్ళ పుస్తకంలో పోయించిన ప్రతి డీజిలూ,
తేదీతో సహా, పక్కన చిన్న అక్షరాలతో:
*పెద్దమ్మాయి పురుడు. అరటి గెలలు. కంటి ఆసుపత్రి. కంటి ఆసుపత్రి.*
బెల్టు లాగాను, చివరిదాకా.
నలుపే.

అంతా అయ్యాక అత్తగారు
తలుపు దగ్గర నిలబడిపోయారు.
"ఇంత ఎత్తు నేనెక్కలేనే."
ఏ పుస్తకంలోనూ రాయని పరీక్ష అది.
ఆయన లోపలికెళ్ళి చెక్కపీట తెచ్చి వేశాడు.
"మా ఆవిడ దీనిమీద కాలు పెట్టి ఎక్కేదండి."
అత్తగారు ఎక్కారు.
ఆయన పీట తీసి, దుమ్ము దులిపి,
డిక్కీలో పెట్టేశాడు.
ధర గురించి ఇంక బేరం నడవలేదు.

కాగితాలవీ తేలి, పది రోజులకి
తోలుకొస్తుంటే గట్టు మీద బస్సు ఎదురైంది.
ఎడమ చక్రం గడ్డిలోకి దించాను.
వెనకాల ఏదో జారి ఠప్పుమంది.
"ఏంటది?" కంగారుగా మా ఆయన.
"పీట," అన్నాను,
"మనదే."