సరి గీతలు, బేసి గీతలు

కేమ్‌కార్డర్‌లోంచి తీసిన కార్డు
చింతగింజంత బరువు కూడా లేదు.
కంచరపాలెం మెట్ట మీద అద్దె గదిలో
రాత్రి పదకొండున్నరకి
పదిహేడో నంబరు ఫైలు తెరిచాను.

పెదజాలారిపేట ఇసుక. ఆరేళ్ల కిందటి ఉదయం.
వాసుపల్లి దానయ్య పడవ కుడుతున్నాడు.
మేకుల్లేవు. పలకకీ పలకకీ కొబ్బరితాడే.
కాలు తన్నిపెట్టి, ఒళ్లంతా వెనక్కి వాల్చి లాగుతాడు.
సరిగ్గా ఆ లాగే చోటే
నా పాత కంప్యూటర్ నిలబడిపోతోంది,
ఎక్కం మధ్యలో మరిచిపోయిన పిల్లాడిలా.

తప్పు దానిది కాదు.
ఈ కెమెరా బొమ్మల్ని మడతపెట్టి దాస్తుంది.
ఒకటి పూర్తిగా రాసుకుని
తర్వాతి పదింటికీ
"మునుపటిలాగే, చెయ్యి మాత్రం కాస్త ఇటు"
అని గుర్తు పెట్టుకుంటుంది, అంతే.
కత్తెర పెట్టాలంటే ముందు మడతలు విప్పాలి.
విప్పితే రెండు జీబీ ఇరవై అవుతుంది.

విప్పే సాఫ్ట్‌వేర్ నేను కొనలేదు.
ఊరూ పేరూ తెలియనివాళ్లు రాసి వదిలేశారు.
అలివి వల లాగేప్పుడు
దారినపోయేవాడు తాడుకి చెయ్యేస్తే
గుప్పెడు నెత్తళ్లు పెట్టి పంపుతారే, అలాగ.
నేనింకా ఏ తాడూ పట్టలేదు.
నెత్తళ్లు మాత్రం తింటున్నాను.

నల్ల తెర మీద ఒకే ఒక్క వరస.
చుక్క తప్పితే మాట వినదు.
నాలుగుసార్లు తిట్టింది, ఐదోసారి కదిలింది.

తెల్లారి ఎల్లారమ్మ వచ్చింది,
ఎండుచేపల తట్ట గుమ్మంలో దించి.
ఏడాది భోజనాలకి మొగుణ్ణి అందరికీ చూపించాలట.
తెర దగ్గరకి వంగింది.
"ఇదేటి బావూ, ఆయన సెయ్యి
దువ్వెన పళ్లలాగ సీలిపోనాది?"

చెప్పాను.
ఒక్కో ఫ్రేములో రెండు క్షణాలుంటాయి.
బేసి గీతలు ముందు,
సెకనులో యాభయ్యో వంతు తర్వాత సరి గీతలు.
కదలనివి కుదురుగానే ఉంటాయి:
ఇసుక, పడవ, పడవ నీడన కుక్క.
కదిలిన చెయ్యే చీలుతుంది.

"మరి సరిసేత్తే ఏ సెయ్యి ఉంచుతావు?"

రెండూ చూసి లెక్కేసి
మధ్యలో ఒకటి వేస్తుందన్నాను.

"మద్దిలోది ఆయన సెయ్యి కాదు గదా."

రాత్రంతా నడిచిన పని ఆపేశాను.
సున్నా ఉన్నచోట ఒకటి కొట్టాను:
ఏ సగానికి ఆ సగం విడి బొమ్మగా నిలబెట్టు.
ఇరవయ్యైదు కాదు, సెకనుకి యాభై.
డిస్క్‌లో చోటు చాల్లేదు.
గోపాలపట్నం గృహప్రవేశం,
మూడేళ్లుగా డబ్బులివ్వని వాళ్లది,
తీసి అవతల పారేశాను.

ప్రతి సగంలోనూ లేని గీతల్ని
కంప్యూటర్ ఇంకా ఊహించే పూడుస్తుంది.
ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

హార్బర్ వైపు ఓడ కూసింది.
ఫ్యాన్ రొప్పుతోంది, నాలుగు శాతం.
"సాయంత్రం అయిపోద్దమ్మా, వెళ్లి రా" అన్నాను.

"పడవకి నెల పట్టినాది," అంది,
తట్ట మీద గుడ్డ సర్ది.
"కూకుంటాను."