పేరున్న గిన్నె

ఒక్క అరతో మొదలుపెట్టు, అంది కింది వాటా మేరీ రత్నం.
ఫొటోల జోలికి పోకు. పట్టుచీరల జోలికీ పోకు.
వంటింట్లో, చేతికందే ఒక్క అర.
అదీ భోంచేశాక.
ఖాళీ కడుపుతో దేన్నీ పారెయ్యలేవు.

సరే.
గుంటూరు, బ్రాడీపేట, రెండో అంతస్తు,
ఏప్రిల్ మధ్యాహ్నం.
యార్డు వైపు నుంచి గాలి తిరిగితే తుమ్ము,
అరలోంచి దుమ్ము లేస్తే తుమ్ము,
ఏ తుమ్ము దేనిదో చెప్పలేను.

హార్లిక్స్ సీసాలు పదకొండు,
మా ఇంట్లో హార్లిక్స్ తాగిందెవరో గుర్తులేదు.
వాటికి మూతలు పద్నాలుగు.
చచ్చిపోయిన మిక్సీకి బతికున్న జారు.
ఎప్పుడో అమ్మేసిన కుక్కరు తాలూకు గాస్కెట్టు,
ఎందుకు దాచిందో దాచిన చేతికే తెలియాలి;
ఆ చెయ్యి నాదే, నాకు చెప్పదు.
పెరుగు డబ్బాలు
ఒకదాంట్లో ఒకటి, ఒకదాంట్లో ఒకటి,
నిలబెడితే నా మోచేతి దాకా.

"ఉండనీ, పనికొస్తయ్" అన్నాడు శేషగిరి, పేపరు దించకుండా.
ఈ ఇంటికి సిమెంటు తర్వాత
మేం ఎక్కువ వాడింది ఆ మాటే.

అర చివర, గోడకి ఆనుకుని, ఒక స్టీలు గిన్నె.
అంచు మీద చుక్కలు చుక్కలుగా
బొప్పూడి తిరుపతమ్మగారి జ్ఞాపకార్థం, 1987.
ఎవరీ తిరుపతమ్మ?
అత్తయ్యకి ఫోన్ చేస్తే, మీవైపు మనిషేమోనే, అంది.
మా పెద్దమ్మకి చేస్తే, మీ అత్తగారి వైపే అయ్యుంటుంది, అంది.
రెండు వైపులా లేని మనిషి
ఇన్నేళ్ళూ మా అరలో కాపరం ఉంది.

నాలుగింటికి వీధిలో కేక.
పాత బట్టలకీ... స్టీలు సామానే...
ఎనిమిది చీరలు, శేషగిరివి మూడు ప్యాంట్లు, పైన ఆ గిన్నె,
అన్నీ దించి మెట్ల మీద పెట్టాను.
నాకేం వద్దు, ఊరికే తీసుకుపో, అన్నాను.

గంప దించిన మనిషి
సాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.
చీరల వంక చూసింది. నా నుదుటి వంక చూసింది.
"ఊరికే ఇత్తన్నావంటే... ఎవురు పోయారమ్మా?"

ఎవరూ పోలేదు.
అది నమ్మించటానికి మూడుసార్లు చెప్పాల్సొచ్చింది.
ఇల్లు కాస్త తేలిక చేసుకుంటున్నా, అన్నాను.
ఆమె నవ్వలేదు.
ఒక్కో చీరా వెలుగుకి పట్టి,
కొంగు చిరుగు దగ్గర బేరం తనే మొదలుపెట్టి,
నేను అడగని టబ్బు తనే ఇవ్వనని,
నేను అడగని బేసిన్ తనే కుదరదని,
చివరికి ఒక గరిటె నా చేతిలో పెట్టింది.
లెక్క తేలందే ఆ గంప లేవదు.

గిన్నె అంచు బొటనవేలితో తడిమి మాత్రం తిరిగిచ్చేసింది.
"పేరున్నది మాకొద్దమ్మా. పేరుంటే రేటు రాదు."

శేషగిరి లేచొచ్చి
ఖాళీ అర ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.
"బాగుంది. ఇక్కడేం పెడదాం?"

రేపు రెండో అర అంటుంది మేరీ రత్నం.
రేపటి మాట.
డబ్బా పెరుగు కొనటం మానేసి, ఆ రాత్రి
తిరుపతమ్మగారి గిన్నెలో పాలు తోడేశాను.
ఎవరో ఏమో.
తెల్లారేసరికి, కత్తితో కొయ్యొచ్చు, అంత గట్టిగా తోడుకుంది.