తాళం వేసే చెయ్యి

భీమవరంలో, యనమదుర్రు డ్రెయిను వాసన
కిటికీలోంచి నేరుగా వచ్చే రెండో అంతస్తు గదిలో
నాకూ ఒక సర్వరుకీ రాత్రి డ్యూటీ.

కాళ్ళ నుంచి, మొగల్తూరు నుంచి, ఆ అవతల ఉప్పునేలల నుంచి
నాలుగొందల పన్నెండు చెరువులు
నిమిషానికోసారి ఊపిరి లెక్క పంపుతాయి.
నాలుగు పాయింట్ ఒకటి. మూడు పాయింట్ ఆరు.
ఉత్త అంకె. అయినా విప్పి పంపకూడదు.
ఏ చెరువులో రొయ్య రొప్పుతోందో బయటికి పొక్కితే
తెల్లారేసరికి గట్టు మీద బేరగాడుంటాడు,
కిలోకి అరవై తెగ్గోసి.

అందుకని ప్రతి అంకెకీ గుడ్డ చుట్టాలి, ముడెయ్యాలి,
ముడి మీద వరస నంబరు వెయ్యాలి.
వచ్చినదాని ముడి విప్పి, దారిలో ఎవరూ ముట్టుకోలేదని చూడాలి.
అంతా ప్రాసెసరు పనే.
శ్రావణంలో గట్టుకో కెమెరా పెట్టారు.
అప్పట్నుంచి అంకెల వెనకాల బొమ్మల వరద.
ఆలోచించాల్సిన బుర్ర
రాత్రంతా ముడులేసుకుంటూ కూచునేది.

ఓ తెల్లవారుజామున, మూడూ ఇరవైకి,
కొల్లాటి గంగరాజు చెరువు
ఒకటి పాయింట్ తొమ్మిది అని అరిచింది.
ఆ కేక ముడుల వరసలో పదకొండు నిమిషాలు నిలబడింది.
ఏరేటర్లు తిరిగేసరికి
రొయ్య తెల్లగా అంచుకొచ్చేసింది.
గంగరాజు నన్ను తిట్టలేదు.
ఫోను గట్టు వైపు పట్టుకుని
ఆ చక్రాల చప్పుడు మాత్రం వినిపించాడు, చాలాసేపు.

తర్వాత కార్డొచ్చింది.
హైదరాబాదు నుంచి ఆర్టీసీ కార్గోలో, ఎవరివో కొత్త చెప్పుల పెట్టెల కింద నలిగి.
అరచేతంత. స్లాటులో నొక్కితే టిక్కుమంది.

తాళంచెవి ఎంచడం ఇప్పటికీ ప్రాసెసరే.
అవతలివాడితో చెయ్యి కలిపి, నువ్వు నువ్వేనా అని అడిగి,
ఆపైన చెవిని కార్డు గుప్పిట్లో పెట్టేస్తుంది.
ఇక ముడి పడేది గడప మీదే,
పొట్లం గుమ్మం దాటుతూండగానే, నిలబెట్టకుండా.
తొంభై నాలుగు శాతం తొమ్మిదికి దిగింది.
ఫ్యాను మెత్తబడింది.
ఈ గదిలో కూచున్న మూడేళ్ళలో మొదటిసారి
డ్రెయిన్లో కప్పలు వినపడ్డాయి.

గుప్పిట్లో ఏం జరుగుతోందో నాకు తెలీదు, ఆ మాట ఒప్పుకోవాలి.
నమ్మాను. పొట్టిగా, వెండి రంగులో ఉంది. నమ్మాను.

మా మేనత్త సువార్తమ్మ
ఉండి రోడ్డు షెడ్డులో ఇరవై రెండేళ్ళు రొయ్య ఒలిచింది.
ఐసు నీళ్ళలో నాని నాని ఆమె వేలిముద్ర
రేషను మిషనుకి ఎప్పుడూ పడదు.
ఒలిచే యంత్రం వచ్చినప్పుడు అందరూ అన్నారు,
బరువు దిగిందిలే సువార్తమ్మా అని.
బరువు దిగిన ప్రాసెసరుకి నేనింకో పని చూపించాను:
రేపు ఏ చెరువు రొప్పుతుందో ఇవాళే లెక్కకట్టమని.
అత్తకి చూపించినవాళ్ళు లేరు.
చూపించొచ్చని నాకూ తట్టలేదు.

కార్తీకం గాలివానకి ఎక్కడో తీగ తెగింది.
పొట్లాలు చుట్టుదారిన, వరస తప్పి రావడం మొదలెట్టాయి,
పద్నాలుగు తర్వాత పదిహేడు, ఆ వెనక పదిహేను.
కార్డు చేతులెత్తేసింది.
వరస తప్పితే దానికి లెక్క తెలీదు,
ముడి విప్పకుండానే లోపలికి నెట్టేసింది.
ప్రాసెసరు ఏమీ అనలేదు.
ఫ్యాను గొంతు పెంచి
పాత చేతివాటంతో ఒక్కొక్కటే విప్పింది.
మూడూ ఇరవైకి గంగరాజు చెరువు: నాలుగు పాయింట్ మూడు.
ఎవరు విప్పారో చెరువుకేం తెలుసు.

అదే వానలో షెడ్డులో యంత్రమూ ఆగిందట.
రొయ్య పాడైపోతోంది, రమ్మని అత్తకి మనిషిని పంపారట.
"ఆయ్, వత్తానండి.
ముందు రెండ్రోజుల కూలి ఇక్కడెట్టమనండి" అందిట,
గుమ్మంలో కాళ్ళు చాపుకుని,
లేవకుండా.